ఏమన్న తగిలిందా?

ఓదెలు చేతిలో ఉన్నంతకాలం ఆ టెంపోకు గీత కూడా పడలేదని భివండీలోని కామత్‌ఘర్‌లో చెప్పుకునేవాళ్లు. ఎంత ఇరుకు గల్లీలోకైనా బండిని వెనక్కి పోనిచ్చి, సరిగ్గా కార్ఖానా గుమ్మం ముందు ఆపేవాడు. పెళ్లికి ముందు నుంచీ నారాయణ సేటు దగ్గరే డ్రైవరు. సేటు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన గుడ్డ తాన్లను మాన్కోలి గోదాములకు చేర్చడం, వచ్చేటప్పుడు నూలు పెట్టెలు ఎక్కించుకుని రావడం అతని పని. ఇద్దరివీ జగిత్యాల వైపు పక్కపక్క ఊళ్లే. సేటు తాత నేతపని తెలిసి వచ్చి కార్ఖానా పెట్టాడు. ఓదెలు తండ్రి చిన్నయ్య గుంట భూమి లేక వచ్చి, అలాంటి కార్ఖానాల్లోనే కూలికి సాంచాలు నడిపి, రొమ్ము పట్టేసి పోయాడు.

ఓదెలు చిన్నతనం మాత్రం భివండీలో గడవలేదు. అతనికి నడక రాకముందే తల్లి ఆగమ్మ అతన్ని తన అత్త దుర్గవ్వ ఒళ్లో పెట్టి, మొగుడి వెంట వచ్చేసింది. పండక్కో పబ్బానికో ఊరికి వచ్చినా కొడుకును ఎత్తుకునేది కాదు. కన్నదే గాని కడుపుతీపి లేదని వాడకట్టంతా అనేది. దుర్గవ్వ పోయాక, మీసాలు మొలిచే వయసులో ఓదెలు భివండీ చేరాడు. ఆగమ్మ వేళకు వండి పెట్టేది, బట్టలు ఉతికేది. ఒక్కనాడూ ఒంటి మీద చెయ్యి వేసి పలకరించలేదు. అతనూ అడగలేదు. ఆ ఇంట్లో అది మాట్లాడుకునే సంగతి కాదు.

జబ్బు ఒక వానాకాలం మొదలైంది. మాన్కోలి దారిలో గుంతలన్నీ నీళ్లతో నిండి, ఏది రోడ్డో ఏది గుంతో తెలియకుండా ఉంది. టెంపో వెనుక చక్రం ఒక గుంతలో దిగి ‘దబ్’మని లేచింది. రోజూ జరిగేదే. కానీ ఆ రోజు ఓదెలు మనసులో ఒక మాట మెరిసింది: అది గుంత కాకపోతే? మనిషైతే?

బండి తిప్పుకుని వచ్చి చూశాడు. గుంతలో విరిగిన ఇటుక ఉంది. సరేనని మళ్లీ బయలుదేరాడు. గోదాము దగ్గర పడుతుండగా ఇంకో మాట వచ్చింది: మనిషి ఎగిరి మోరీలో పడి ఉంటే? మళ్లీ వెనక్కి వచ్చాడు. వానలో దిగి మోరీ పొడుగునా వంగి చూశాడు. ఏమీ లేదు. ఏమీ లేదని కళ్లు చెబుతున్నాయి, మనసు ఒప్పుకోవడం లేదు. ఆ రోజు సరుకు గోదాముకు చేరేసరికి షట్టరు దించేశారు.

దీపావళి నాటికి అతను ఏ గుంతనూ వదిలిపెట్టడం లేదు. బండి ఆపి చక్రాలకు రక్తం ఉందేమోనని వేళ్లతో తడిమి చూసేవాడు. తుప్పు మరక కనిపిస్తే వాసన చూసేవాడు. ఫోనులో ప్రమాదాల వార్తలు వెతికేవాడు. నారాయణ సేటు మొదట తిట్టాడు, తర్వాత తాగుతున్నాడేమోనని దగ్గరికి వచ్చి మూతి వాసన చూశాడు.

“తాగుత లేను సేటు,” అన్నాడు ఓదెలు.

“తాగకుంటె గింత లేటెట్లయితది? ఏం జేస్తున్నవు రోడ్డు మీద?”

ఓదెలు తల దించుకున్నాడు. మనుషులను చంపి వెళ్లిపోతున్నానేమోనని చూసుకుంటున్నాను అని ఎలా చెప్పాలి?

చెప్పింది ఒక్క భార్య మల్లికకే. ఆమె అదే కార్ఖానాలో కండెలు చుట్టేది. మొగుడి పని పోతుందన్న భయంతో కండెల పని మానేసి టెంపోలో పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. బిడ్డ నేహను మరాఠీ బడిలో దింపి, అట్నుంచి అటే బండి ఎక్కేది. గుంత వచ్చినప్పుడల్లా ఓదెలు అడిగేవాడు.

“ఏమన్న తగిలిందా?”

“లే. గుంత.”

“మంచిగ చూసినవా?”

“అద్దంల చూసిన. ఎవ్వల్లేరు.”

మొదట్లో ఆ జవాబు గోదాము దాకా సరిపోయేది. తర్వాత తర్వాత మలుపు దాకా కూడా సరిపోలేదు. అదే మాట అంత గట్టిగా ఎందుకన్నావు, మెల్లగా ఎందుకన్నావు, దాస్తున్నావా అని అడిగేవాడు. ఒకనాడు మల్లిక విసిగి, “ఆఁ, తగిలింది. సంపినవ్. ఇగ నడువు,” అంది. ఓదెలు నడిరోడ్డు మీద బండి ఆపేశాడు. వెనక లారీల హారన్లు చెవులు పగలగొడుతుంటే, ఆమె అరచేతులు జోడించి, “అబద్ధం చెప్పిన, నా బిడ్డ మీద ఒట్టు,” అనాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ అలా అనలేదు.

కొత్త ఏడాది మొదట్లో, ఒక పొద్దున ఓదెలు ఒక్కడే మాన్కోలి వెళ్లి వచ్చాడు. నేహకు జ్వరంగా ఉండి మల్లిక వెళ్లలేదు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఫోను మోగింది. డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: గోదాముల దగ్గర సైకిలు మీద వెళ్తున్న వాచ్‌మన్‌ను ఏదో బండి కొట్టి పోయింది, ఆస్పత్రిలో ఉన్నాడు, చూసినవాళ్లు చెప్పండి.

ఓదెలు కంచంలో చెయ్యి కడిగాడు. మల్లిక బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తుంటే చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. టెంపో నడుపుకుంటూ నేరుగా పోలీసు ఠాణాకు వెళ్లి, హవల్దారు బల్ల ముందు నిలబడి, “ఆ సైకిలాయన్ని కొట్టింది నేనే సాబ్,” అన్నాడు.

బండి తాళాలు తీసుకున్నారు. అతన్ని గోడ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. వింతేమిటంటే, కొన్ని నెలల తర్వాత మొదటిసారి అతని ఛాతీ మీది బరువు దిగింది. ఇక వెతకక్కర్లేదు. దొరికిపోయాడు.

కబురు అందుకుని మల్లిక, నారాయణ సేటు షేర్ ఆటోలో పరుగున వచ్చేసరికి వాచ్‌మన్ కొడుకులు అక్కడే ఉన్నారు. ఒకడు ఓదెలు కాలరు పట్టుకుని లేపి చెంప మీద కొట్టాడు. ఓదెలు చెయ్యి అడ్డం పెట్టలేదు. మల్లిక మధ్యలో దూరింది. “ఇతను కాదు, ఇతనికి భయం రోగం ఉంది, రోజూ ఇట్లనే అంటడు,” అని వచ్చిన హిందీలో అరిచింది. ఇంకోడు ఆమెను పక్కకు నెట్టాడు. “రోగమా? మా నాయన కాలు నుజ్జయింది,” అన్నాడు. గుమ్మం దగ్గర జనం మూగారు. సేటు మొహం పాలిపోయి, బండి తన పేరు మీదే ఉందని గుర్తొచ్చి, గోడకు ఆనుకున్నాడు.

హవల్దారు పెద్ద వయసువాడు. బయటకు వెళ్లి టెంపో చుట్టూ తిరిగి చూశాడు. ముందు భాగం మీద సొట్ట లేదు, గీత లేదు. లోపలికి వచ్చి ఎవరికో ఫోను చేశాడు. గోదాము కెమెరాలో పడిన వీడియో రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ వాచ్‌మన్ కొడుకులు ఓదెలును చూస్తూ నిలబడ్డారు, మల్లిక వాళ్లనే చూస్తూ నిలబడింది.

వీడియోలో ఒక నీళ్ల ట్యాంకరు సైకిలును రాసుకుంటూ వెళ్లింది. నంబరు కూడా కనిపించింది. ఓదెలు టెంపో అంతకు చాలాముందే ఆ దారి దాటిపోయింది. అప్పటికి ఆ సైకిలు ఆ రోడ్డెక్కనే లేదు.

“చూసినవా? నువ్వు కాదు. పో ఇంటికి,” అన్నాడు హవల్దారు హిందీలో, బండి తాళాలు బల్ల మీద పెట్టి.

ఓదెలు తెర దగ్గరికి వంగి మళ్లీ పెట్టమన్నాడు. చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. “సాబ్, కెమెరాలో టైము తప్పుగా ఉంటే?” అన్నాడు.

హవల్దారు నవ్వబోయి, అతని కళ్లు చూసి ఆగిపోయాడు. మల్లిక వైపు తిరిగి మెల్లగా చెప్పాడు: “ఇతన్ని డాక్టరుకు చూపించు తాయీ. పిచ్చి డాక్టరని భయపడొద్దు. మా తమ్ముణ్ని నేనే తీసుకెళ్లిన.”

థానే పట్నంలో ఒక దవాఖానలో, మనోరోగాల విభాగంలో, ఆర్తి అనే డాక్టరమ్మ వాళ్లను చూసింది. మల్లిక, ఓదెలు, ఆగమ్మ ముగ్గురూ వెళ్లారు. డాక్టరమ్మ తొందరపడకుండా అంతా విన్నది. ఏ ఆలోచన వస్తుంది, వచ్చాక ఏం చేస్తావు, చేస్తే ఎంతసేపు తేలికవుతుంది అని అడిగింది. ఓదెలు ఆ చివరి ప్రశ్నకు తలెత్తి చూశాడు. అంతవరకు ఎవరూ అది అడగలేదు.

“దీన్ని ఓసీడీ అంటాం,” అంది డాక్టరమ్మ. ఆమె హిందీలో చెబుతుంటే మల్లిక అత్తకు తెలుగులో చెప్పింది. “ఇది మెదడుకు సంబంధించిన జబ్బు. నుదుటి వెనక, కళ్లకు కాస్త పైన ఉండే భాగం ఏదైనా తప్పు జరిగిందనిపిస్తే హెచ్చరిక పంపుతుంది. అందరికీ పంపుతుంది. గుంతలో చక్రం పడితే నాకూ ఒక్క క్షణం ఆ ఆలోచన రావచ్చు. అయితే మెదడు లోలోపల ఉన్న ఇంకో భాగం ‘సరే, చూశాం, వదిలెయ్’ అని దాన్ని ఆపుతుంది. నీకు ఆ ఆపడం సరిగా జరగడం లేదు. హెచ్చరిక తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది.”

“అయితే ఫొటో తీయండి మేడమ్,” అన్నాడు ఓదెలు. “మెదడును ఫొటో తీసి, రోగమే ఉందని చూపించండి. అప్పుడు నమ్ముతా.”

“చాలామంది రోగులను, రోగం లేనివాళ్లను పక్కపక్కన పెట్టి పరిశోధన చేసినప్పుడు తేడా కనిపిస్తుంది. ఒక్కడి మెదడు ఫొటో చూసి ఉందో లేదో చెప్పలేం. రక్తపరీక్ష కూడా లేదు. నీ మాటలు వినే చెబుతున్నా.”

“మరి రోగం కాకుండ, నేను నిజంగనే ఎవరినో కొట్టి ఉంటే?”

“చూడు, ఇప్పుడు అడిగావే, అది జబ్బే అడుగుతోంది.”

మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ఉంటుందని, దాని మీద పనిచేసే గోలీలు ఈ జబ్బుకు బాగా పనికొస్తాయని ఆమె చెప్పింది. అది తక్కువైనందుకే జబ్బు వచ్చిందా అని మల్లిక అడిగితే, అలా అని తేల్చలేమంది. అంత సులువుగా ఉంటే మేమూ సంతోషించేవాళ్లం అంది. గోలీల గుణం కనిపించడానికి వారాలు పడుతుందని, అప్పటిదాకా బండి నడపొద్దని చెప్పి, కలం కింద పెట్టి అడిగింది: “మీ ఇంట్లో, రక్తసంబంధీకుల్లో, ఇలాంటి భయాలు ఎవరికైనా ఉన్నాయా? ఇది కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది.”

మల్లిక తెలుగులో చెప్పింది. ఆగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మా ఇండ్లల్ల గసొంటోళ్లు ఎవ్వల్లేరు,” అంది.

“రక్తంల అస్తదా మేడమ్? మాకు ఆడపిల్ల ఉంది,” అంది మల్లిక. భయంలో తెలుగూ హిందీ కలిసిపోయాయి.

“రావచ్చు. రాకపోవడానికే అవకాశం ఎక్కువ. వస్తే మాత్రం ఏంటో మీకు తెలుస్తుంది, నా దగ్గరికి తెస్తారు. తెలియక దాచుకోవడమే ప్రమాదం.”

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఆగమ్మ కొడుకు పక్కన కాకుండా డ్రైవరు పక్కన కూర్చుంది.

ఓదెలు గోలీలు కొద్దిరోజులే మింగాడు. కడుపులో తిప్పింది, నిద్ర పట్టలేదు. గుండెదడ ఇంకా పెరిగింది. మొదట్లో ఇలాగే ఉంటుంది, ఆపకు అని డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ అతని మనసు కొత్త దారి పట్టింది. గోలీలు తన నేరాన్ని మరిపిస్తున్నాయి, పాపం చేసినవాడు మరిచిపోవడం ఇంకో పాపం. ఒక మధ్యాహ్నం, మళ్లీ కండెల పనికి పోతున్న మల్లిక ఇంట్లో లేని సమయంలో గోలీల పట్టీలన్నీ తీసి మోరీలో పడేశాడు. సేటుకు ఇంకా తిరిగి ఇవ్వని టెంపో తాళాలు చేతిలో పట్టుకుని, “ఠాణాకు పోతున్న,” అన్నాడు తల్లితో. “నాది రోగం గాదు. నేను ఎవలనో సంపిన. గది ఒప్పుకుంటనే నాకు నిద్ర వడ్తది.”

ఆగమ్మ తలుపు మూసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గోడ అవతల కార్ఖానాలో సాంచాలు దడదడలాడుతున్నాయి. పక్క ఖోలీలో, ఆ పక్క గదిలో ఉండేవాళ్లకు వినిపించే భయం లేదు. ఆమె కొడుకు చెవి దగ్గరికి వచ్చింది.

“కూసో. ఒకటి చెప్పాలె.”

“జరుగు అవ్వా.”

“నిన్ను కన్నంక నీకు నెల గూడ నిండలే. నీళ్లకు పోయిన. నిన్ను సంకలేసుకున్న. బాయి మీదికి వంగిన్నో లేదో, ‘పోరన్ని బాయిల పడెయ్’ అన్నది లోపట. నా గొంతే. నా లోపటనే.”

ఓదెలు చేతిలోని తాళాలు ఆగిపోయాయి.

“పరుగున ఇంటికచ్చిన. మల్ల గదే. కత్తిపీట చూస్తె గదే. రోకలి చూస్తె గదే. నేను రాకాసిననుకున్న. నిన్ను ముట్టుకుంటె నా చేతులు నా మాట—”

కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగి, గల్లీ అంతా నిశ్శబ్దమైంది. పక్క ఖోలీలో ఎవరో దగ్గడం వినిపించింది. ఆగమ్మ నోరు మూసుకుంది. గుమ్మానికి ఆనించిన వీపు ఆనించినట్టే ఉంచి కళ్లు దించుకుంది. ఓదెలు ఆమెను చూస్తూ నిలబడ్డాడు. మాట అడగడానికి లేదు, పక్కకు తప్పించి పోవడానికి కాళ్లు రావడం లేదు. ఇద్దరి ఊపిరీ ఇద్దరికీ వినిపిస్తోంది. బయట కార్మికులు బీడీలు ముట్టించుకుంటూ వాళ్ల గుమ్మం ముందు నుంచే నవ్వుకుంటూ వెళ్లారు.

కరెంటు వచ్చింది. సాంచాలు ఒక్కొక్కటే అందుకున్నాయి. శబ్దం నిండేదాకా ఆగి, ఆమె మళ్లీ చెప్పింది.

“గందుకే మా అత్తకిచ్చిన. నేను లేకుంటె నువ్వు బతుకుతవని. ఊరంత తిట్టింది. నీ తండ్రికి గూడ చెప్పలే. నేహ పుట్టినప్పుడు మల్ల అచ్చింది గా గొంతు. గందుకే నేను నీ బిడ్డను ఎత్తుకోలే. మొన్న గా డాక్టరమ్మ రక్తంల అస్తదన్నప్పుడు నా పానం పోయినట్టయింది. నీకిచ్చింది నేనే బిడ్డా.”

“దవకానల ఎందుకు చెప్పలే?”

“మల్లిక ముందట ఎట్ల చెప్పాలె? మనవరాలిని నా దిక్కు రానిస్తదా?” ఆమె కొడుకు మణికట్టు పట్టుకుంది. “గిన్నేండ్లు సంపుతనని భయపడ్డ. సంపిన్నా నిన్ను? చెప్పు. ఎన్నడన్న గోరుతోని గీకిన్నా? నా భయం అబద్ధమైతె నీది గూడ అబద్ధమే. గోలీలు మింగు.”

ఓదెలు తన మణికట్టు మీది చెయ్యిని చూశాడు. విడిపించుకోలేదు.

“నేను ఊర్ల ఏడ్చుకుంట కూసునేటోన్ని,” అన్నాడు. “మా అవ్వకు నేనంటె గిట్టదనుకున్న. ఇప్పుడు చెప్తున్నవ్.”

ఆమె గుమ్మం నుంచి పక్కకు జరిగింది. ఆ రోజు మాత్రం అతను ఠాణాకు వెళ్లలేదు. సాయంత్రం వెళ్లి కొత్త గోలీలు కొనుక్కొచ్చాడు.

మల్లికకు ఆ సంగతి ఓదెలే చెప్పాడు. ఆమె వింటూ వింటూ నేహను దగ్గరికి లాక్కుంది. కొన్నాళ్లు పిల్లను అత్త దగ్గర విడిచి మంచినీళ్లకు కూడా పోలేదు. ఆగమ్మకు అది తెలుసు. తనే ముందు లేచి గుమ్మం బయట కూర్చునేది.

వారాలు గడిచి గోలీలు ఒంటికి పడ్డాయి. ఆలోచనలు పోలేదు గానీ, వాటి పట్టు కొంచెం సడలింది. అప్పుడు డాక్టరమ్మ రెండో పని చెప్పింది. బండి మళ్లీ నడపాలి, వెనక్కి తిరగకూడదు. మల్లిక పక్కన కూర్చోవచ్చు, అడిగినదానికి జవాబు చెప్పకూడదు. భయం దానంతట అది దిగేదాకా దిగనివ్వాలి. అలా చేస్తూ పోతే మెదడు కొత్త అలవాటు నేర్చుకుంటుందని చెప్పింది. సేటు అప్పటికి వేరే డ్రైవరును పెట్టుకున్నాడు. అయినా శుక్రవారం, సాంచాలు బంద్ ఉన్న రోజు, ఖాళీ బండి ఇచ్చాడు. “మెల్లగ పో,” అన్నాడు అంతే.

మాన్కోలి దారిలో మొదటి గుంత రాగానే ఓదెలు మెడ నరాలు తేలాయి.

“ఏమన్న తగిలిందా?”

మల్లిక రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

“నిన్నే. తగిలిందా?”

ఆమె పెదవి కొరుక్కుంది. ‘లే’ అన్న ఒక్క అక్షరం నాలుక చివర ఉంది. అంటే అతని చెమట ఆగుతుంది. అనలేదు. అతను బ్రేకు మీద కాలు వేశాడు, తీశాడు. వెనకనుంచి లారీ హారన్ కొట్టింది. “మల్లికా, ఒక్కసారి చెప్పు, మల్ల అడగ,” అన్నాడు. అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె కళ్లలోంచీ కారుతున్నాయి. బండి మాత్రం ముందుకే పోయింది. గోదాముల దాకా పోయి, ఒక చెట్టు నీడన ఆగింది. ఓదెలు స్టీరింగు మీద తల పెట్టి అలాగే ఉండిపోయాడు. ఉండగా ఉండగా అతని భుజాలు వదులయ్యాయి. “ఇప్పుడు కొద్దిగ తక్కువయింది,” అన్నాడు ఆశ్చర్యంగా.

అన్ని రోజులూ అలా జరగలేదు. ఒకసారి వెనక్కి తిరిగి మోరీలన్నీ వెతికి వచ్చాడు. రెండు రోజులు మంచం దిగలేదు. మళ్లీ నడిపాడు. ఎండాకాలం వచ్చేసరికి సేటు అతనికి దగ్గరి ట్రిప్పులు ఇవ్వడం మొదలుపెట్టాడు.

తర్వాతిసారి దవాఖానకు బయలుదేరుతుంటే ఆగమ్మ కూడా చెప్పులు వేసుకుంది. ఎవరూ రమ్మనలేదు. డాక్టరమ్మ గదిలో ఆమె తలొంచుకుని తెలుగులో చెప్పింది, మల్లిక హిందీలోకి మార్చాలి. బాయి దాకా వచ్చేసరికి మల్లిక ఆగిపోయింది. ఆ వాక్యం తన నోటితో చెప్పాలి. ఓదెలు నేల వైపు చూస్తున్నాడు. “పిల్లవాణ్ని బావిలో పడేస్తానేమోనని ఈమెకు భయం,” అని ఒక్క ఊపిరిలో అనేసి, ఆ వెంటనే తన ప్రశ్న కూడా అడిగింది. “మా బిడ్డను ఈమె దగ్గర విడువచ్చా?”

“విడవచ్చు,” అంది డాక్టరమ్మ. “ఆ ఆలోచన ఈమెకు సంతోషం ఇవ్వలేదు, భయం ఇచ్చింది. ఆ భయంతోనే పిల్లవాణ్ని దూరంగా ఉంచి కాపాడాననుకుంది. కాన్పు తర్వాత ఇది కొందరు తల్లులకు మొదలవుతుంది. అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే దూరంగా ఉంచాల్సిన పనే ఉండేది కాదు.”

మల్లిక ఆ మాటలను తెలుగులోకి మార్చడానికి చాలాసేపు తీసుకుంది. చివరి మాట చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పేసింది. ఆగమ్మ వింది. ఏడవలేదు.

“గింత ముసలిదానికి గోలీలు పనిజేస్తయా?” అని అడిగింది.

చేస్తాయి, కొద్ది మోతాదుతో మొదలుపెడదాం అంది డాక్టరమ్మ. కలం తీసుకుని, ఈ ఆలోచనలు ఎన్నాళ్లుగా ఉన్నాయని అడిగింది.

“వీని ఈడెంతో గంత,” అంది ఆగమ్మ.

మల్లిక నోరు తెరిచేలోపే ఓదెలు హిందీలో తన వయసు చెప్పాడు.